వంద డిగ్రీల దగ్గర ఎన్ని వాట్లు?

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాళ్లకు వైశాఖం, జ్యేష్ఠం పంటకాలం. ముహూర్తాలన్నీ ఎండ ముదిరిన రోజుల్లోనే వచ్చి పడతాయి, వీడియో ఇస్తామని మాట ఇచ్చిన తేదీలూ అప్పుడే తరుముకొస్తాయి. మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. నేను పనిచేసే గది మేడ మీద. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా చల్లారదు కాబట్టి, బయట కాస్త గాలి ఆడుతున్నా గదిలో బల్ల మీద పెట్టిన థర్మామీటరు 37 దగ్గర బిగుసుకుని ఉంటుంది. పోయిన ఏడాది మే నెలలో అలాంటి ఒక రాత్రి, రెండు గంటల నిడివి ఉన్న 4కె పెళ్లి వీడియోను లాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్‌కు, అంటే ఎడిట్ చేసినదాన్ని చివరి ఫైల్‌గా మార్చడానికి, పెట్టి భోజనానికి కిందికి వెళ్లాను. జనవరిలో అంతే నిడివి ఉన్న వీడియో, అవే సెట్టింగులతో, యాభై నిమిషాల్లో పూర్తయింది. ఈసారి గంటన్నర తర్వాత వచ్చి చూస్తే ఇంకా తలంబ్రాల దగ్గరే ఉంది.

యంత్రం ఆగిపోలేదు, హెచ్చరిక ఏదీ చూపలేదు. ఫ్యాన్లు మాత్రం పప్పు రుబ్బుతున్న మిక్సీలా మోగుతున్నాయి. కీబోర్డు పై వరుసకూ తెర మడతకూ మధ్య ఉన్న పట్టీ మీద వేలు పెడితే మూడు సెకన్లు కూడా నిలవలేదు. ఉష్ణోగ్రతలు చూపే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర ఉంది. అది చూసి నేను కంగారు పడలేదు, ఎందుకంటే జనవరిలో నేను నోటుపుస్తకంలో రాసుకున్న లెక్కలో కూడా పూర్తి లోడు మీద 100 అనే ఉంది. అంకె మారలేదు కనుక యంత్రం బాగానే ఉందనీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షనే నెమ్మదించిందనీ నమ్మి రెండు రోజులు పోగొట్టుకున్నాను. నా పొరపాటు ఎక్కడ జరిగిందో, దాన్ని ఎలా కొలిచి సరిచేసుకున్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ ప్రాసెసర్. దానికి తయారీదారు ప్రకటించిన మూల విద్యుత్ పరిమితి 45 వాట్లు, కొద్దిసేపు వేగం పెంచుకునే టర్బోలో గరిష్ఠ పరిమితి 115 వాట్లు, చిప్ లోపల అనుమతించే గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు. ఈ 100ను ఒక కంచెగా అర్థం చేసుకోవాలి. వేడి అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన క్లాక్‌నూ (పనిచేసే వేగాన్నీ) వోల్టేజినీ తానే తగ్గించుకుని, కంచె దాటకుండా ఎంత పని చేయడానికి వీలుందో అంతే చేస్తుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. వేరే ప్రాసెసర్లలో ఈ కంచె 95 దగ్గరో 105 దగ్గరో ఉండవచ్చు గాని, తీరు ఒకటే. అందుచేత కంచెను ఆనుకుని పనిచేస్తున్న యంత్రం జనవరిలోనూ 100 చూపుతుంది, మే నెలలోనూ 100 చూపుతుంది, దుమ్ము పట్టి చావబోయే ముందు కూడా 100 చూపుతుంది. మారేది వాట్లు. చిప్‌లోకి కరెంటుగా పోయిన ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి కాబట్టి, 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ ఎన్ని వాట్లు తీసుకోగలుగుతోందో, లోపలి చల్లబరిచే ఏర్పాటు అన్ని వాట్ల వేడిని బయటికి నెట్టగలుగుతోందని అర్థం.

జనవరి లెక్కలో, అదృష్టవశాత్తు, ఉష్ణోగ్రత పక్కనే వాట్లు కూడా రాసి ఉన్నాయి. గది 25 డిగ్రీలు, ప్రాసెసర్ 100 డిగ్రీలు, నిలకడగా 84 వాట్లు. మే నెల లెక్కలో గది 37, ప్రాసెసర్ అదే 100, వాట్లు 42. సరిగ్గా సగం.

ఇక్కడ ఒక చిన్న భాగహారం చేస్తే చాలా విషయం బయటపడుతుంది. చిప్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రతను తీసేసి, మిగిలినదాన్ని వాట్లతో భాగించాలి. జనవరిలో 75ను 84తో భాగిస్తే సుమారు 0.9 వచ్చింది, అంటే ఒక్కో వాటుకు చిప్ గది కంటే 0.9 డిగ్రీ ఎక్కువ వేడెక్కుతోంది. మే నెలలో 63ను 42తో భాగిస్తే 1.5 వచ్చింది. చల్లబరిచే ఏర్పాటు జనవరిలో ఉన్నంత ఆరోగ్యంగానే ఉండి ఉంటే, 37 డిగ్రీల గదిలో కూడా 63ను 0.9తో భాగించగా వచ్చే 70 వాట్లు నాకు దక్కాలి. కాబట్టి నేను పోగొట్టుకున్న 42 వాట్లలో 14 మాత్రమే విజయవాడ ఎండ తిన్నవి. మిగిలిన 28 యంత్రం లోపల ఏదో తింటోంది. ఊరిని తిట్టుకుని ఊరుకుని ఉంటే ఆ 28 ఎప్పటికీ తిరిగి వచ్చేవి కావు. ఈ భాగహారం శాస్త్రవేత్తల ప్రయోగశాలకు సరిపోయేంత కచ్చితమైనది కాదని ఒప్పుకుంటాను. ఫ్యాన్ వేగం మారినా, గ్రాఫిక్స్ చిప్ పక్కన వేడెక్కినా అంకె కదులుతుంది. అయితే ఒకే యంత్రాన్ని ఒకే పద్ధతిలో ఏడాది పొడవునా కొలుచుకునేవాడికి ఇంతకంటే నమ్మకమైన నాడి నాకు కనబడలేదు.

కొనబోయే ముందు మనం చదివే సమీక్షలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అవి సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. అక్కడ ఆడే ఆటలో 85 డిగ్రీలు చూపిన గ్రాఫిక్స్ చిప్, మన మేడ మీద గదిలో అదే విద్యుత్తుతో 97 చేరాలి; చేరదు, ముందే తన కంచె దగ్గర ఆగి నెమ్మదిస్తుంది. వేడి ఎప్పుడూ తనకంటే చల్లని చోటికే పోతుంది కనుక, ఆ చల్లని చోటు ఏదో ముందుగా తెలియాలి. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి కృష్ణ నీళ్లు ఉన్నాయి. నా లాప్‌టాప్‌కు ఉన్నది మేడ మీద గదిలో 37 డిగ్రీల గాలి మాత్రమే.

పరీక్ష ఎలా చేయాలన్నది కాస్త నిదానంగా చెప్పవలసిన విషయం, ఎందుకంటే తప్పుగా చేసిన పరీక్ష చేయనిదానికంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. మొదటిది, గది ఉష్ణోగ్రతను గోడ మీద కొలవకూడదు. లాప్‌టాప్ గాలి పీల్చుకునే అడుగు భాగానికి జానెడు దూరంలో, వేడి గాలి వదిలే రంధ్రాలకు ఎదురుగా కాకుండా, థర్మామీటరు పెట్టాలి. రెండవది, చార్జర్ పెట్టే ఉంచాలి, బ్యాటరీ ముందే నిండి ఉండాలి, ఎందుకంటే చార్జింగ్ కూడా వేడి పుట్టిస్తుంది. ఫ్యాన్ మోడ్ ప్రతిసారీ ఒకటే ఉండాలి, యంత్రం ప్రతిసారీ ఒకే బల్ల మీద ఉండాలి. మూడవది, చాలామంది పట్టించుకోనిది, వ్యవధి. ఈ ప్రాసెసర్లు లోడు పడిన మొదటి కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా, తమ శాశ్వత పరిమితిని మించి విద్యుత్తు తీసుకునేలా రూపొందించినవి. రాగి గొట్టాలు, రేకులు, కింది పళ్లెం ఇంకా చల్లగా ఉన్నంతసేపు ఆ వేడిని అవి మింగేస్తాయి. అవన్నీ కాగి, లోపలికి వచ్చే వేడి, బయటికి పోయే వేడి సమానం కావడానికి నా యంత్రంలో పదిహేను నిమిషాలు పట్టింది. కాబట్టి అరగంట నడిపి, చివరి ఐదు నిమిషాల సగటును మాత్రమే రాసుకుంటాను. రెండు నిమిషాల పరీక్ష చేసి స్కోరు చూసి మురిసిపోవడమంటే, లారీని షెడ్డులో స్టార్టు చేసి ఇంజను బాగుందని చెప్పడం లాంటిది.

కొలవడానికి హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ప్రతి రెండు సెకన్లకు ఒకసారి అన్ని కొలతలనూ ఫైల్‌లోకి రాసి పెడుతుంది. తర్వాత దాన్ని ఎక్సెల్‌లో తెరిచి గీత గీసుకోవచ్చు. అందులో వందల వరుసలు కనబడినా నేను చూసేవి ప్రాసెసర్ మొత్తం తీసుకునే ప్యాకేజీ వాట్లు, దానిలో లెక్కలు చేసే ఒక్కో విభాగం, అంటే కోర్, ఉష్ణోగ్రత, క్లాక్, థ్రాట్లింగ్ జరుగుతోందో లేదో చెప్పే వరుస, గ్రాఫిక్స్ చిప్ సగటు ఉష్ణోగ్రత, దానిలో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు, అంటే హాట్‌స్పాట్, ఉష్ణోగ్రత. లోడు పెట్టడానికి ప్రాసెసర్ ఒక్కదానికైతే సినీబెంచ్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌ను ఆగకుండా తిప్పుతాను. గ్రాఫిక్స్ చిప్‌కు త్రీడీమార్క్‌లోని స్ట్రెస్ టెస్ట్ బాగుంటుంది. ఒకే దృశ్యాన్ని 20 సార్లు నడిపి, ఫ్రేముల వేగం 97 శాతం నిలకడగా ఉంటేనే ఉత్తీర్ణత ఇస్తుంది. చిప్‌లకు గరిష్ఠ లోడు పెట్టే ప్రైమ్95, ఫర్‌మార్క్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ కలిపి గంటసేపు నడిపి యంత్రాన్ని ఉడికించేవాళ్లను చూశాను. నిజమైన పని ఏదీ అంత లోడు పెట్టదు కనుక, ఆ అంకెతో నాకు పని లేదు. నాకు అసలైన పరీక్ష పది నిమిషాల నిడివి ఉన్న ఒక పాత టైమ్‌లైన్. రంగుల సవరణ, శబ్ద శుద్ధి, స్లో మోషన్ అన్నీ ఉన్న ఆ ముక్కను వరుసగా మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి, మూడవసారి పట్టిన సమయాన్ని రాసుకుంటాను.

బయటి పళ్లెం వేడిని కొలవడానికి కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు వాడదామనుకున్నాను గాని, అది మనిషి ఒంటి వేడి పరిధి దాటితే అంకె చూపకుండా మొరాయిస్తుంది. కర్మాగారాల్లో వాడే రకం ఒకటి తెచ్చుకున్నాక కూడా మెరిసే లోహం మీద అది తక్కువ చూపి మోసం చేసింది. అక్కడ కాగితపు టేపు ముక్క అంటించి, టేపు మీద కొలిస్తే సరైన అంకె వచ్చింది.

28 వాట్లు తినేసిన దొంగ ఎవరో కనిపెట్టమని యంత్రాన్ని గవర్నర్‌పేటలో ఒక రిపేరు షాపుకు తీసుకువెళ్లాను. చిప్ నుంచి వేడిని పైనున్న లోహానికి అందించే పేస్ట్, ప్యాడ్లు అరగంటలో మార్చి ఇచ్చారు. ఇంటికి వచ్చి అదే పరీక్ష పెడితే 36 డిగ్రీల గదిలో 32 వాట్లకే 100 తాకింది. భాగించి చూస్తే 2. డబ్బు ఇచ్చి మరీ జబ్బు పెంచుకున్నానన్నమాట. ఫోన్ చేస్తే, "కొత్త పేస్ట్ కదండీ, సెట్ అవడానికి వారం పడుతుంది" అన్నారు. వారం ఆగాను. 2 అలాగే ఉంది. కాని కొలతల ఫైల్‌లో ఇంకొక సంగతి కనబడింది: ప్రాసెసర్‌లో ఒక మూల కోర్ 100 దగ్గర ఉంటే, మరో మూలది 79 దగ్గర ఉంది, గ్రాఫిక్స్ చిప్ సగటుకూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా అంతకు ముందు 12 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 27 అయింది. పేస్ట్ ఎండిపోతే తేడా ఇంత ఏటవాలుగా రాదు. వేడిని లాగేసే లోహపు భాగం, అంటే హీట్‌సింక్, చిప్ మీద సమంగా కూర్చోకపోతే ఇలా వస్తుంది.

మా బాబాయ్‌కి ఆటోనగర్‌లో రేడియేటర్ల షాపు ఉంది. చిన్న స్క్రూలు జారిపోకుండా పెద్ద బల్ల, మంచి వెలుతురు, భూతద్దం అన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి ఒక ఆదివారం అక్కడికి వెళ్లి నేనే విప్పాను. ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేసి, హీట్‌సింక్ మీద అచ్చువేసిన అంకెలకు వ్యతిరేక క్రమంలో స్క్రూలను కొద్దికొద్దిగా వదులు చేస్తూ పైకి లేపాను. బాబాయ్ కళ్లజోడు సవరించుకుని రెండు రాగి గొట్టాలనూ, వాటి చివర దువ్వెన పళ్లలా పేర్చిన రేకులనూ చూసి, "ఏరా, రేడియేటరే కదా ఇది! మరి దీనికి నీళ్లెక్కడ పోస్తారు?" అన్నాడు.

"నీళ్లు లోపలే ఉన్నాయి బాబాయ్, పోయనక్కర్లేదు" అన్నాను. ఆయన నమ్మలేదు. నిజానికి హీట్ పైపు అనే ఈ రాగి గొట్టంలో జరిగేది వింతే. గొట్టంలో గాలి లాగేసి, ఏ కొద్దిపాటో నీరు ఉంచి మూసేస్తారు. గాలి లేనందున ఆ నీరు వంద డిగ్రీలకు ఎంతో ముందే ఆవిరై, వేడిని మోసుకుని రేకుల వైపు పరుగెత్తుతుంది. అక్కడ ఫ్యాన్ గాలికి చల్లారి మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకు పూసిన రాగి పొడి పొర గుండా, దీపం వత్తిలో నూనె పాకినట్టు, చిప్ దగ్గరికి తిరిగి వస్తుంది. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని చేసి చూపించాడు. పంపు లేదు, కదిలే భాగం లేదు, అరిగేది లేదు. కాబట్టి లాప్‌టాప్ చల్లబడటం మానేసినప్పుడు తప్పు సాధారణంగా గొట్టానిది కాదు. దాని రెండు చివర్లలో ఎక్కడో ఉంటుంది.

నా యంత్రంలో రెండు చివర్లలోనూ ఉంది. చిప్ వైపు చూస్తే, కొత్త పేస్ట్ ఒక మూల పలుచగా, మిగిలిన చోట్ల వెన్నపూసలా మందంగా నిలిచి ఉంది. కారణం దాని పక్కనే కనబడింది. గ్రాఫిక్స్ మెమరీ మీద మొదట ఉన్న ప్యాడ్లు 1 మిల్లీమీటరు మందం. షాపులో వేసినవి 1.5, పైగా గట్టివి. ఆ అర మిల్లీమీటరు హీట్‌సింక్‌ను ఒకవైపు ఎత్తి పట్టుకుంది. రాగి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు దాదాపు 400 వాట్లు ఉంటే, అంగట్లో దొరికే మంచి పేస్టులది పదికి అటూ ఇటూ ఉంటుంది. పేస్ట్ పని రెండు లోహాల మధ్య కంటికి కనబడని గుంతల్లోని గాలిని తోసేయడం వరకే. దాన్నే ఒక పొరగా పరిస్తే అది దుప్పటి అవుతుంది.

రెండో చివర బాబాయ్ కనిపెట్టాడు. నేను ఫ్యాన్లను పైనుంచి చూసి, శుభ్రంగానే ఉన్నాయని పక్కన పెట్టబోతుంటే, "ఆ రెక్కలు కాదురా, గాలి వెళ్లి కొట్టుకునే చోటు చూడు" అన్నాడు. ఫ్యాన్ తీసి, రేకుల వరుసను లోపలి వైపు నుంచి చూస్తే, నెరిసిన గడ్డంలా బూడిదరంగు దూది పలక ఒకటి అడ్డంగా పేరుకుపోయి ఉంది. గోటితో లాగితే ముక్క కాకుండా ఒకే పట్టీగా ఊడి వచ్చింది. చలికాలం అంతా నేను బూరుగు దూది పరుపు మీద కూర్చుని పనిచేసిన ఫలితం అది. బయటి నుంచి ఎంత తుడిచినా ఈ పలక కనబడదు. షాపులో బయటి నుంచే గాలి కొట్టి వదిలేసినట్టున్నారు. "రేడియేటర్ కోర్ మూసుకుపోతే ఫ్యాన్ ఎంత తిరిగి ఏం లాభం? ఘాట్ రోడ్డెక్కితే తెలుస్తుంది" అని గొణుగుతూ ఆయన కంప్రెసర్ గొట్టం అందుకోబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ ఒత్తిడికి ఫ్యాన్ తన మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగు పాడవుతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటి తుంపర్లు, నూనె కూడా బోర్డు మీద పడతాయి. మెత్తని పెయింటు బ్రష్‌తో, ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని దులిపితే సరిపోయింది.

సరైన మందం ఉన్న మెత్తని ప్యాడ్లు వచ్చేదాకా నాలుగు రోజులు పాత యంత్రంతో నెట్టుకొచ్చాను. పేస్ట్ బదులు ఈసారి హనీవెల్ తయారుచేసే పీటీఎమ్7950 పలకను వేశాను. గది వేడిలో ఇది మెత్తని పలుచని కాగితంలా ఉండి, 45 డిగ్రీల ప్రాంతంలో కరిగి చిప్ మీద సర్దుకుంటుంది. మామూలు పేస్ట్ వేడెక్కి చల్లారే ప్రతిసారీ అంచులకు కొంచెం కొంచెం జరుగుతూ, కొన్ని నెలల్లో మధ్యభాగాన్ని పొడిగా వదిలేస్తుంది; ఈ పలకతో ఆ బెడద తక్కువ. ఒకటే తిప్పలు: మన వేసవిలో అది ముందే మెత్తబడి పై పొర ఊడి రాదు. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చక్కగా ఊడింది. ద్రవ లోహం వేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అది గాలియం మిశ్రమం, విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. నెల రోజుల సంపాదన పెట్టి కొన్న బోర్డు మీద ఆ సాహసం నేను చేయలేదు.

బిగించి, రెండుమూడు సార్లు బాగా వేడెక్కించి చల్లార్చి, మళ్లీ అదే 37 డిగ్రీల గదిలో పరీక్ష పెట్టాను. 100 దగ్గర 72 వాట్లు. భాగిస్తే 0.88. కోర్ల మధ్య తేడా ఆరేడు డిగ్రీలకు దిగింది.

ఇక మిగిలింది ఎండకు పోయిన వాట్లు. వాటిని తెచ్చుకునే దారి లేదు, కాని వాటి అవసరం తగ్గించుకోవచ్చు. చిప్ తినే విద్యుత్తు క్లాక్‌తో నేరుగానూ, వోల్టేజితో దాని వర్గం చొప్పునా పెరుగుతుంది. పైగా క్లాక్ పెరగాలంటే వోల్టేజి కూడా పెరగాలి. చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్‌జ్ కోసం యంత్రం పెట్టే ఖర్చు, దాని వల్ల వచ్చే లాభంతో ఏమాత్రం పొంతన లేనిది. శాశ్వత విద్యుత్ పరిమితిని థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో 60 వాట్లకు కట్టేస్తే, 37 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 90 దగ్గర కుదురుకుంది. అంతకు ముందు వచ్చిన సినీబెంచ్ స్కోరులో ఎనిమిదో వంతు మాత్రమే తగ్గింది, ఫ్యాన్ల రొద తగ్గింది. థ్రాటిల్‌స్టాప్ జోలికి పోదలచుకోనివాళ్లు విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతం పెడితే టర్బో మొత్తం ఆగిపోతుంది. మోటు పద్ధతే గాని, రాత్రి ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నప్పుడు పనికొస్తుంది.

వోల్టేజిని నేరుగా తగ్గించే అండర్‌వోల్టింగ్ నా ప్రాసెసర్‌లో కుదరలేదు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడింది. వోల్టేజిని ఆడించి చిప్ లోపలి రహస్య లెక్కలు తప్పు వచ్చేలా చేయవచ్చని పరిశోధకులు చూపారు. ఆ తర్వాత చాలా లాప్‌టాప్‌లలో ఆ తలుపు మూసేశారు, నాదీ అందులో ఒకటి. గ్రాఫిక్స్ చిప్‌కు మాత్రం దారి తెరిచే ఉంది. నాది ఆర్‌టీఎక్స్ 3060. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజికీ క్లాక్‌కూ మధ్య ఉన్న వక్రరేఖను తెరిచి, 0.8 వోల్టుల దగ్గర 1700 మెగాహెర్ట్‌జ్ పెట్టి, ఆ తర్వాతి రేఖనంతా చదునుచేశాను. అంతకు ముందు 0.9 దగ్గర తిరుగుతూ 105 వాట్లు తీసుకునేది, ఇప్పుడు 83తో సరిపెట్టుకుంటోంది. రెండు చిప్‌లకూ ఒకే గొట్టాలు కనుక, ఇటు మిగిలిన 22 వాట్లు అటు ప్రాసెసర్‌కు ఊపిరి ఇచ్చాయి. ఇలా సరిచేసిన వెంటనే అసలు పనికి దిగకూడదు. మొదట నేను 0.75 పెట్టి, పరీక్ష గంటసేపు బాగా నడిచిందని సంబరపడి, ఒక రిసెప్షన్ వీడియో మధ్యలో ఆకుపచ్చ మచ్చలు వచ్చాక గాని 0.8కు పెంచలేదు.

గది సంగతి క్లుప్తంగా చెబుతాను. లాప్‌టాప్ వెనుక అంచు కింద రెండు అంగుళాల చెక్క ముక్క పెడితే నాకు 4 డిగ్రీలు కలిసివచ్చాయి. వెయ్యి రూపాయలకు పైగా పోసి కొన్న ఫ్యాన్ల కూలింగ్ ప్యాడ్ అదనంగా ఇచ్చింది ఒకే ఒక్క డిగ్రీ. స్లాబు మీద తెల్ల సున్నం వేయించాక రాత్రి పదింటి గది వేడి 37 నుంచి 34కు దిగింది, అంటే భాగహారం ప్రకారం మూడున్నర వాట్లు. ఏసీని 26 దగ్గర ఉంచితే జనవరి తిరిగి వచ్చినట్టే, కాని దాని చల్లగాలి నేరుగా యంత్రం మీద పడనక్కర్లేదు. గది చల్లబడితే చాలు. పొడవైన ఎక్స్‌పోర్ట్‌లను తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యేలా వరుసలో పెడుతున్నాను. బ్యాటరీకి వేడితో పాటు నిండు చార్జి కూడా శత్రువే కనుక, ఎప్పుడూ చార్జర్ మీదే ఉండే ఈ యంత్రంలో 80 శాతం దగ్గర ఆగే ఏర్పాటు చేశాను. పరుపు మీద పెట్టి పనిచేయడం పూర్తిగా మానేశాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం అరగంట పరీక్ష పెట్టి, నోటుపుస్తకంలో గది, చిప్, వాట్లు, భాగఫలం రాస్తున్నాను. విప్పి బిగించిన నాటి 0.88 ఈ నెల 0.94 అయింది. 1.1 దాటితే మళ్లీ ఆటోనగర్ బల్ల మీద విప్పాలని నిర్ణయించుకున్నాను. బాబాయ్ ఆ పెయింటు బ్రష్‌ను ఎవరికీ ఇవ్వకుండా, నా పేరు రాసి, డ్రాయరులో పెట్టాడు.